ఎరువు తెచ్చుకొన్న ఫిరంగులు

బొబ్బిలి యుద్ధం పేరు వినగానే తెలుగువారికి తాండ్ర పాపారాయుని కత్తి గుర్తుకు వస్తుంది. కోటగోడలను కూల్చిన ఫిరంగులు ఎవరివన్న ప్రశ్న మాత్రం అంతగా స్ఫురించదు. దేశరక్షణను గూర్చి ఆలోచించేవారికి ఆ ప్రశ్నయే ముఖ్యమైనది.

విజయనగరం, బొబ్బిలి ఇరుగుపొరుగు సంస్థానాలు. సరిహద్దుల విషయంలోను, ఏటినీటి విషయంలోను వాటి మధ్య చిరకాల వైరముండేది. ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి వశమైన తరువాత విజయనగర ప్రభువు పెద విజయరామరాజు వారి సేనాని బుస్సీని ఆశ్రయించి, పరాయి బలంతో పాత పగ తీర్చుకోదలచాడు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేన బొబ్బిలిపై విరుచుకుపడింది. బొబ్బిలిది మట్టికోట, చుట్టూ దట్టమైన అడవి. పొరుగు జమీందారుల దండును ఆపడానికి అది చాలును గాని, ఫిరంగి గుండ్లకు నిలువజాలదు. అయినా రంగారాయని వీరులు గోడలకు పడిన గండ్ల వద్ద నిలిచి గంటల తరబడి పోరాడారు. ఆశ నశించినప్పుడు స్త్రీలు, పిల్లలు శత్రువుకు చిక్కకుండా తమవారి చేతులలోనే కన్నుమూశారు. కొద్ది రోజులకే పాపారాయుడు రాత్రివేళ శిబిరంలో చొరబడి విజయరామరాజును వధించి, తానూ ప్రాణాలు విడిచాడు.

కథ అంతటితో ముగియలేదు. వారసుడైన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిని వదిలించుకొనడానికి ఆంగ్లేయులను ఆహ్వానించాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. ఒక పరాయి బలం తొలగి మరొకటి వచ్చి కూర్చుంది. పిలిచినంత తేలికగా దానిని పంపివేయడం సాధ్యం కాలేదు. కాలక్రమంలో ఆ కంపెనీయే పేష్కషు బకాయిల పేరిట సంస్థానాన్ని స్వాధీనం చేసుకొని, చిన విజయరామరాజును నెలకు 1200 రూపాయల భరణంతో మచిలీపట్నం వెళ్లవలసిందిగా ఆజ్ఞాపించింది. ఆయన లొంగలేదు. 1794 జూలై 10న పద్మనాభం వద్ద కంపెనీ సైన్యాన్ని ఎదిరించి నేలకొరిగాడు. గంటసేపైనా సాగని యుద్ధమది.

ఎరువు సొమ్ము బరువుచేటు అన్న సామెత ఆయుధాలకూ వర్తిస్తుంది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతున్నప్పుడు అమెరికా ఉభయ దేశాలకూ ఆయుధ సరఫరాను నిలిపివేసింది. ఏ విడిభాగం ఎప్పుడు అందాలో కొన్నవాడు కాక అమ్మినవాడే నిర్ణయించాడు. ఇటువంటి అనుభవాల వల్లనే స్వదేశీ తయారీకి ప్రాధాన్యం పెరిగింది. 1983లో హైదరాబాదు ప్రధాన కేంద్రంగా క్షిపణుల రూపకల్పన కార్యక్రమం ఆరంభమైంది. 2009 జూలై 26న, పద్మనాభానికి ఎంతో దూరం లేని విశాఖపట్నంలో, దేశంలోనే నిర్మించిన అణు జలాంతర్గామి అరిహంత్ జలప్రవేశం చేసింది. అయినా యుద్ధవిమానాల ఇంజన్ల కోసం విదేశాల వైపు చూడవలసిన స్థితి ఇంకను పూర్తిగా తొలగలేదు.