నల్లమెట్ల మీద మోహన

“శాస్త్రం చదవకుండా చెవితోనే బాణీలు కట్టేవాళ్ల మీద ముఖచిత్ర కథనం. తుని వైపు నుంచి మొదలుపెట్టండి. గురువారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి” అన్నారు ఎడిటర్‌గారు. సరేనన్నాను గానీ, ‘పుట్టుకతో వచ్చిన విద్య’ కథలంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. ఆరా తీస్తే ఆ చెవి ఎక్కడో రాత్రుళ్లు మేలుకునే ఉంటుంది. తాండవ నదికి ఇవతల తునిలోనైనా, అవతల పాయకరావుపేటలోనైనా, దిగువన గోదావరి పల్లెల్లోనైనా అలా మేలుకున్న చోటు పద్యనాటకం పందిరి.

పద్యానికి కవి ఛందస్సు ఇస్తాడు. ఏ రాగంలో ఎత్తుకోవాలి, ఎక్కడ ఆపాలి, చివర రాగం ఎంతసేపు తియ్యాలి అన్నది నటుడికీ హార్మోనిస్టుకీ మధ్య తేలే వ్యవహారం. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల పద్యాలకు జనం నోట నిలిచిన వరసలు అలా వచ్చినవే.

కాటిసీను సంగతి మరీ చిత్రం. ‘సత్యహరిశ్చంద్రీయం’ రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం. అందులో హరిశ్చంద్రుడు కాటికాపరిగా నిలబడి పాడే పద్యాల్లో కొన్ని మాత్రం ఆయనవి కావు, గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ ఖండికలోవి. నాటకం కోసం రాయని పద్యాలను నటులు ఎత్తుకొచ్చి రంగస్థలం మీద పెట్టేశారు. ఇప్పుడవి లేకుండా కాటిసీను ఆడితే జనం ఊరుకోరు. కవి పేరు అందరికీ తెలుసు. పాడి పేరు తెచ్చుకున్న డి.వి.సుబ్బారావు లాంటి నటులూ తెలుసు. వరస కట్టినవాళ్లకే కరపత్రంలో చోటు లేదు.

చెవికి మొదటి దారి ఛందస్సే చూపిస్తుంది. శార్దూలం మూడు గురువులతో మొదలవుతుంది. నిలబడి రాగం చూపించడానికి కావలసినంత జాగా. చంపకమాల నాలుగు లఘువులతో పరుగందుకుంటుంది. అక్కడ సాగదీస్తే మాట విరుగుతుంది. సీసపాదం రెండు ముక్కలు. మొదటి ముక్కలో నాలుగు ఇంద్రగణాలు, రెండోదానిలో రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. రెండోది పొట్టిది కాబట్టి మొదటి ముక్కలో పైకెళ్లిన గొంతు అక్కడ దానంతట అదే దిగుతుంది. గణాల పేర్లు తెలియని నటుడు కూడా ఇక్కడ తప్పటడుగు వెయ్యడు.

ఇదంతా ఒక ఎత్తు. నన్ను కట్టిపడేసింది హార్మోనియం పెట్టె. నాటకాలవాళ్లు శ్రుతిని అంకెల్లో చెప్పుకుంటారు.

“ఎంతలో ఎత్తమంటారు గురువుగారూ?”

“నాలుగున్నర పెట్టు నాయనా.”

తెల్లమెట్లకు నిండు అంకెలు, నల్లమెట్లకు అరలు. ఒక స్థాయిలో నల్లవి ఐదే: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. (మూడున్నర లేదు. మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టే ఉండదు.) నాలుగున్నరను షడ్జమం చేసుకుని, తెల్లమెట్టు ముట్టకుండా పైకి వెళ్లండి. మోహన పలుకుతుంది. అవే ఐదు మెట్లు, ఈసారి ఐదున్నర మీద మొదలుపెట్టండి. మధ్యమావతి! ఆరున్నర మీద హిందోళం, రెండున్నర మీద శుద్ధ ధన్యాసి, ఒకటిన్నర మీద శుద్ధ సావేరి. దీన్నే శాస్త్రం గ్రహభేదం అంటుంది. ఆ పేరు ఎన్నడూ వినని కుర్రాడు కూడా పెట్టె ముందు ఒక మధ్యాహ్నం కూర్చుంటే ఐదు రాగాల గుమ్మాలు తొక్కి రావచ్చు.

గుమ్మాలే సుమా. స్వరాలు దొరికినంత మాత్రాన రాగం దొరకదు. ఏ స్వరం మీద నిలవాలో, దేన్ని తాకి వదిలేయాలో మెట్లు చెప్పవు. పదిమంది నటుల వెనక కూర్చుని, జనం ఎక్కడ ‘వన్స్‌మోర్’ అన్నారో, ఎక్కడ బీడీ కోసం లేచారో చూశాక అది అబ్బుతుంది. ఆ వన్స్‌మోర్ మోజులో పద్యాన్నే మింగేసిన రాగాలకూ లోటు లేదు. అందుకే నాకు పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడంటే ఇష్టం. ఆయన రాగం తగ్గించి మాట వినిపించారు.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం నాటకాలు, ఊరూరా తిరిగిన ధార్వాడ కంపెనీ, బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు, 1885లో కడప జిల్లాలో సురభి. తర్వాత గోదావరి గడ్డ మీద పుట్టిన కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’. ఈలోగా సినిమా వచ్చి మంచి గొంతులను మద్రాసుకు పట్టుకుపోయింది.

పెట్టె పుట్టిన ఊరు

హార్మోనియానికి పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ 1840ల్లో పేటెంటు తీసుకున్నాడు. చేత్తో తిత్తి కొట్టి వాయించే రకాన్ని 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ తయారుచేశారు. మెట్టుకు మెట్టుకు మధ్య ఉండే గమకం అందులో పలకదని 1940 మార్చిలో ఆకాశవాణి ఈ వాయిద్యాన్ని గెంటేసింది. గమకం పలకదన్న మాట నిజమే. పద్యనాటకంలో ఆ పని నటుడి గొంతు చూసుకునేది. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు.

బాలు కట్టిన బాణీలు

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని, అయినా ‘శంకరాభరణం’ పాటలకు జాతీయ పురస్కారం అందుకున్నారని అందరూ చెబుతారు. సంగీత దర్శకుడిగా ఆయన్ను తలచేవాళ్లు తక్కువ. ‘మయూరి’ (1985), ‘పడమటి సంధ్యారాగం’ (1987) రెండింటికీ బాణీలు ఆయనవే.