ఎదుటివారి మాట విన్నామా?



యొర్దాను ఒడ్డున రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు ఒక పెద్ద బలిపీఠము కట్టారు. ఆ వార్త విన్న మిగిలిన ఇశ్రాయేలీయులు షిలోహులో యుద్ధానికి కూడుకున్నారు (యెహోషువ 22). వారి కోపానికి కారణము లేకపోలేదు. మరొక బలిపీఠము కట్టడమంటే దేవునిమీద తిరుగుబాటే అని వారు తలంచారు. పెయోరు పాపమువలన వచ్చిన తెగులును వారింకా మరువలేదు.

అయినను ముందుగా యాజకుడైన ఫీనెహాసును, పదిమంది ప్రధానులను పంపారు. పెయోరు దినాలలో ఈటె పట్టుకొని లేచినది ఈ ఫీనెహాసే. అంతటి రోషముగలవాడు ఈసారి కూర్చుండి అవతలివారి మాట పూర్తిగా విన్నాడు. ఆ పీఠము బలులకొరకు కాదట. నది అడ్డుగా ఉన్నందున రేపు తమ పిల్లలను ఎవరూ పరాయివారని త్రోసివేయకుండా సాక్ష్యముగా కట్టుకున్నారట. ఆ జవాబు విన్న తరువాత యుద్ధము ఆగిపోయింది.

ఈ అధ్యాయము మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. కాని మా వంతు వచ్చినప్పుడు దానిని మరచిపోయాము.

మా సంఘములో కోతపండుగ దినాన ఎవరెంత కానుక ఇచ్చారో వేదికమీద పేరుపేరునా చదివేవారము. ఒక సహోదరుడు అది వద్దన్నాడు. తరువాత ఆరాధనకు రావడమే మానుకున్నాడు. "ఇవ్వడానికి చేయిరాక ఈ సాకు" అని పెద్దలతోపాటు మేమూ అనుకున్నాము. ఆయన ఇంటికి వెళ్ళడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

ఆయన కోపపడలేదు. "అయ్యగారూ, ఆ ఏడు పంట పోయింది. పది రూపాయలని మైకులో చదివారు. నా భార్య తల ఎత్తలేదు. విధవరాలి రెండు కాసులను ప్రభువు మెచ్చుకున్నాడని మీరే చెప్పారు గదా!" అన్నాడు. మేము మారు పలుకలేకపోయాము.

పెద్దలు కూడుకున్నప్పుడు కోశాధికారి మరొక మాట అన్నారు: "లెక్క బయటికి చెప్పకపోతే అనుమానాలు వస్తాయి." అదియు నిజమే. కాబట్టి ఎవరి రసీదు వారికిచ్చి, మొత్తము జమాఖర్చులను మాత్రము గోడకు అంటించాలని తీర్మానించాము. ఆ సహోదరుని ఇంటికి తిరిగి వెళ్ళి క్షమాపణ అడిగాము.

మొదట మాట్లాడినవాని పక్షమే న్యాయమని తోస్తుందని, పొరుగువాడు వచ్చి విచారించేవరకే ఆ తలంపు నిలుస్తుందని సామెతలు 18:17 హెచ్చరిస్తున్నది. మన మనస్సులో మొదట మాట్లాడేది మన అభిప్రాయమే గదా! వినడమంటే ప్రతిదానికీ తల ఊపడము కాదు. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుమని వాక్యము సెలవిస్తున్నది (1 థెస్స. 5:21). అయితే వినకుండా పరీక్షించేదెలాగు?

గట్టు తగాదాలోనైనా, అత్తాకోడళ్ళ మధ్యనైనా, సంఘ కమిటీలోనైనా తీర్పు చెప్పకముందు ఒక పని చేద్దాము. ఎదుటివారి మాటను మన నోటితో తిరిగి చెప్పి, "మీరన్నది ఇదేనా?" అని అడుగుదాము. వారు "అవును" అన్న తరువాతనే మన జవాబు చెప్పుదాము.

మీ ఊరిలో మీరు నాలుగు నెలలుగా వెళ్ళని ఇల్లు ఏదైనా ఉన్నదా? ఈ వారమే వెళ్ళండి. వినే చెవిని ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.