బీపీ మాత్రలు ఉచితం, డాక్టర్ గారిని అడిగే హక్కు కూడా మీదే

30 ఏళ్లు దాటిన వారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. మందులూ ఉచితమే. చిలకలపూడి లాంటి పట్టణ ప్రాంతాల వారు పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. పల్లెల్లో విలేజ్ క్లినిక్‌లో చూస్తారు, 104 వాహనం కూడా ఊళ్లోకి వస్తుంది. ఆధార్, పాత మందుల చీటీ, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల అట్టలు వెంట ఉంచుకోండి. "చిన్న తెల్ల మాత్రండీ" అంటే ఏ డాక్టరూ పోల్చుకోలేరు.

బీపీ ఎలా చూపించుకోవాలి?

ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి వెంటనే చెయ్యి చాపితే వచ్చే అంకెను నమ్మలేం. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి 5 నిమిషాలు కూర్చోండి. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, బీడీ వద్దు. రెండుసార్లు చూడమనండి, అంకెలు చీటీ మీద రాయించుకోండి. వేర్వేరు రోజుల్లో 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తే బీపీ ఉన్నట్టు. ఒక్కసారి చూసి మాత్ర రాస్తే "ఇంకో రోజు మళ్లీ చూస్తారా అండీ?" అని అడగొచ్చు. 180/110 దాటితే మాత్రం వాయిదా వెయ్యకండి.

"నార్మల్ అయింది కదా, ఇంక ఎందుకు?"

మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ అయింది. ఆపితే మళ్లీ పెరుగుతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం లాంటివేవీ లేకుండానే పెరగొచ్చు. పక్షవాతం వచ్చాకే తెలిసిన ఇళ్లు ఉన్నాయి.

మాత్ర పడకపోతే?

ఎక్కువ మంది ఇక్కడే చెప్పకుండా మానేస్తారు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండలు వాస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్‌తో పొడి దగ్గు రావచ్చు. రోల్డ్‌గోల్డ్ పనిలో గంటల తరబడి కూర్చునే వారు వాపును పని మీదకు, దగ్గును పొగ మీదకు నెట్టేస్తారు. మీకు మీరే ఆపకండి, డాక్టర్ గారికి చెప్పండి. వేరే రకం మాత్రలు ఉన్నాయి, మార్చి ఇస్తారు. గర్భం వచ్చినా, రావాలనుకున్నా ముందే చెప్పాలి. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ గర్భిణులు వాడకూడదు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ కూడా బీపీ పెంచుతుంది. ఆ సంగతి కూడా దాచకండి.

ఉప్పు రోజుకు అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా లోపే. గిలకలదిండి ఎండుచేప మానెయ్యమంటే ఎవరూ వినరని తెలుసు. వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి, కూరలో వేరే ఉప్పు వెయ్యకండి, ఆ పూట ఆవకాయ జోలికి పోకండి.

అడిగితే కోప్పడతారేమో?

2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి తన వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మందు పేరు అర్థమయ్యేలా రాయమనొచ్చు, ఇంకో డాక్టరుకు చూపించుకోవచ్చు. అడగడానికి జంకైతే మూడు మాటలు కాగితం మీద రాసుకెళ్లండి: ఈ మాత్ర దేనికండీ? ఎన్నాళ్లు వాడాలి? పడకపోతే ఎప్పుడు రావాలి?

మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా తెల్లారేదాకా చూడకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. అది ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకుని చెప్పండి.