పాత లారీ – ఛాసీ, కమానులు

జంషెడ్‌పూరులో టాటా-మెర్సిడిస్ లారీల తయారీ 1954లో మొదలయినది. అట్టి పాతబండిని మరల నడిపింపదలచినవారు డబ్బును రంగునకు గాక మొదట ఛాసీకి పెట్టవలయునని మా మనవి.

బాడీ దింపి, తుప్పు గీకి, కమాను బ్రాకెట్ల యొద్దను రివెట్ల చుట్టును చూడవలెను. కిరోసిను పూసి, తుడిచి, సుద్దపొడి చల్లినచో వెండ్రుకవంటి పగులుకూడ తడిగీతగా తేలును. వదులైన రివెట్టు తీసి, రంధ్రము సరిచేసి, బిగుతుగా పట్టు బోల్టు వేయవచ్చును. ఛాసీ పై అంచునకు గాని క్రింది అంచునకు గాని రంధ్రము వేయరాదు. అడ్డముగా వెల్డింగు అసలే కూడదు. బరువు లాగుడు హెచ్చుగా పడునది ఆ అంచులమీదనే.

ఇక కమానులు. "మరి రెండు పట్టీలు వేయుము, సరకు ఎక్కువ పట్టును" అను యజమానులను మేమెరుగుదుము. వారి మాట మేమొప్పము. పట్టీలు పెరిగినకొలది కమాను బిఱుసెక్కి, గోతి దెబ్బను తాను మ్రింగక ఛాసీకి అప్పగించును. ఇరుసును బ్రేకులును పాతవే కదా! ఆ బస్తాలపై కూర్చుండి సంతకు పోవు కూలీలకు ఈ లెక్క ఎవరు చెప్పుదురు? అలసిన పట్టీలను రెండువైపులను ఒకేసారి మార్చి, పిన్నులు, బుష్షులు క్రొత్తవి వేయుట మేలు. యూ బోల్టులను బరువుతో కొంతదూరము నడిపిన పిదప మరల బిగింపవలయును. మరచినచో నడిమి బోల్టు తెగి ఇరుసు ప్రక్కకు జరుగును.