ఒకటే లైను, పది బళ్ళు: ఇంటి ఆఫీసులో పనుల వరుసకూ ఓ లెక్క ఉంది

రైల్వే కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్ ముందుండే చార్టు చూడటానికి గజిబిజిగా ఉంటుంది కానీ చదవడం తేలికే. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. ఒక్కో బండి ఒక్కో ఏటవాలు గీత. గీత నిటారుగా ఉంటే బండి వేగంగా పోతోందని, అడ్డంగా పడుకుంటే ఎక్కడో ఆగిందని అర్థం. సింగిల్ లైను సెక్షన్లో ఎదురెదురుగా వచ్చే రెండు గీతలు స్టేషన్ దగ్గరే కలవాలి. ఒకటి లూపు లైనులో ఆగితే రెండోది దాటిపోతుంది. ఫ్రాన్సు శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే 1878లో వెలువరించిన పుస్తకంలో పారిస్ - లియాన్ బళ్ళకు గీసిన ఇలాంటి పటమే ఉంది. ఇప్పుడు కాగితం పోయి కంప్యూటర్ తెర వచ్చింది. గీతల వెనకున్న తర్కం మాత్రం అదే.

ఆ తర్కం అన్నంతోపాటు అబ్బిన ఇళ్ళు ఖరగ్‌పూర్‌లో చాలా ఉన్నాయి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు కట్టినప్పుడు ఉత్తరాంధ్ర తీరం నుంచి పనికోసం వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడే స్థిరపడ్డారు. మలంచా వాళ్ళు ఉండే పేటల్లో ఒకటి. తాతలు బళ్ళు నడిపిన ఇళ్ళలో ఇప్పుడు మనవలు, కోడళ్ళు మూలగదిలో లాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తున్నారు. 2020 లాక్‌డౌన్ తర్వాత ఇది అన్ని ఊళ్ళలోనూ మామూలైంది. ఆఫీసు ఇంట్లోకి వచ్చింది కానీ ఆఫీసులో పనులు పంచిపెట్టే సూపర్‌వైజరు మాత్రం రాలేదు. ఏది ముందు, ఏది వెనక అన్న నిర్ణయం పనిచేసే మనిషి మీదే పడింది.

ఉదాహరణకు మలంచాలో ఇంటినుంచే నాలుగు దుకాణాల లెక్కలు చూసే ఒక అకౌంటెంటును ఊహించుకుందాం. దుకాణాలు గోల్‌బజార్‌లో ఉంటాయి, ఆమె ఇంట్లో ఉంటుంది. నెలకు ఆమె క్యాలెండరులో కదలని తేదీలు నాలుగు: 7న టీడీఎస్ జమ, 11న జీఎస్‌టీఆర్-1, 15న ప్రావిడెంట్ ఫండ్, 20న జీఎస్‌టీఆర్-3బి. వీటి మధ్య వంట, పిల్లల బడి, మామగారి మందులు. ఆమె మనసు సింగిల్ లైను. ఒక క్షణంలో ఒక బండే నడుస్తుంది.

ఇలాంటి పరిస్థితికి గణితంలో ‘ఒకే యంత్రం మీద పనుల షెడ్యూలింగ్’ అని పేరు. 1950లలో ఫ్యాక్టరీల కోసం మొదలైన ఈ లెక్కలు ఇంటి బల్లకు అచ్చంగా సరిపోతాయి.

ఒక ఉదయం నాలుగు పనులున్నాయి అనుకుందాం. బట్టల దుకాణం పద్దులకు 240 నిమిషాలు, మిఠాయి దుకాణానికి 60, మందుల దుకాణానికి 40, సైకిళ్ళ దుకాణానికి 20. ఏ వరుసలో చేసినా మొత్తం 360 నిమిషాలే, అంటే 6 గంటలు. అలాంటప్పుడు వరుసతో పనేమిటి? పెద్దపని ముందు ముగించేస్తే సుఖమని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే పనులు వరుసగా 240, 300, 340, 360 నిమిషాలకు పూర్తవుతాయి. సగటున ఒక్కో దుకాణందారు 310 నిమిషాలు ఎదురుచూస్తాడు. చిన్నపని ముందు పెడితే 20, 60, 120, 360. సగటు 140 నిమిషాలు. పని గంట కూడా తగ్గలేదు, నిరీక్షణ మాత్రం సగానికంటే తక్కువకు పడిపోయింది. చివరికి మిగిలే బట్టల దుకాణం ఆరు గంటలు ఆగాలి, నిజమే. కానీ ఏ వరుసలోనైనా చివరివాడు ఆగేది అంతే. 1956లో డబ్ల్యూ. ఇ. స్మిత్ దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళాడు. అన్ని పనుల విలువా ఒకటి కాదు కనుక ప్రతి పని విలువను దానికి పట్టే సమయంతో భాగించి, ఎక్కువ వచ్చినదాన్ని ముందు చేయమన్నాడు. రెట్టింపు సమయం పట్టే పని ముందుకు రావాలంటే దాని విలువ కూడా రెట్టింపుకంటే ఎక్కువ ఉండాలి.

అయితే ఇదంతా గడువులు లేనప్పటి మాట.

గడువులున్నప్పుడు సూత్రం మారుతుంది. 1955లో జె. ఆర్. జాక్సన్ చూపించిన నియమం ప్రకారం, అన్నిటికంటే ఎక్కువ ఆలస్యమయ్యే పని ఆలస్యాన్ని వీలైనంత తగ్గించాలంటే గడువు దగ్గరున్నదాన్ని ముందు చేయాలి. పనికి ఎంతసేపు పడుతుందన్నది చూడనక్కర్లేదు. వినడానికి ఇది అందరికీ తెలిసిందే అనిపిస్తుంది కానీ నిరూపణ ముచ్చటైనది. పక్కపక్కనున్న రెండు పనుల్లో గడువు దూరంగా ఉన్నది ముందుందనుకోండి. రెండిటినీ తారుమారు చేస్తే, వెనక్కి పోయిన పని ముగిసేది ఇంతకుముందు రెండో పని ముగిసిన క్షణానికే. దాని గడువు మరింత దూరం కనుక ఆలస్యం ఇదివరకటికంటే పెరగదు. ఇలా జతజతగా సర్దుకుంటూ పోతే మిగిలేది గడువుల వరుసే.

అసలు చిక్కు, దేన్ని ఎటు సర్దినా పనులు గడువులో పట్టకపోవడం. 20వ తేదీ మధ్యాహ్నం, ఇక ఎనిమిది గంటలే ఉన్నాయి. మిగిలిన పనులు 5 గంటలు, 3 గంటలు, 2 గంటలు, గంటన్నర. మొత్తం పదకొండున్నర. పెద్దవి రెండూ పూర్తిచేస్తే ఎనిమిది గంటలూ అయిపోతాయి, రెండు రిటర్నులు ఆలస్యమవుతాయి. 5 గంటలదాన్ని వదిలేస్తే మిగతా మూడూ ఆరున్నర గంటల్లో ముగుస్తాయి, ఒక్కటే ఆలస్యం. 1968లో జె. ఎం. మూర్ ప్రకటించిన పద్ధతి సారం ఇదే: గడువుల వరుసలో పోతూ, ఎక్కడ గడువు దాటుతుందో అక్కడ అప్పటిదాకా చేర్చిన పనుల్లో అన్నిటికంటే పొడవైనదాన్ని పక్కన పెట్టు. రైల్వే భాషలో, గూడ్సు బండిని లూపు లైనులోకి తప్పించు.

కానీ పక్కన పెట్టింది పెద్ద దుకాణం. కట్టాల్సిన పన్ను ఉన్న జీఎస్‌టీఆర్-3బి ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేటు ఫీజుతోపాటు పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది. చిన్న దుకాణానికి వడ్డీ నామమాత్రం, పెద్దదానికి కాదు. ఒక్కో ఆలస్యానికి ఒక్కో ధర ఉన్నప్పుడు ఏవి వదలాలో తేల్చడం అమాంతం కష్టమైపోతుంది. 1972లో రిచర్డ్ కార్ప్ ఇచ్చిన 21 కఠిన సమస్యల ప్రఖ్యాత జాబితాలో ఇది కూడా ఉంది. పనులు పెరిగేకొద్దీ దీన్ని ఎప్పుడూ త్వరగా, కచ్చితంగా తేల్చే పద్ధతి నేటికీ ఎవరికీ దొరకలేదు. కాబట్టి 20వ తేదీన బల్ల ముందు తల పట్టుకునే మనిషిని చూసి ఆమెకు పద్ధతి తెలియదనడం అన్యాయం. ఆ సమస్య స్వభావమే అంత.

చిన్న పని పెద్ద పనిని ఆపేస్తే

1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటరు కొద్దిరోజులకే ఉన్నట్టుండి మళ్ళీ మళ్ళీ రీసెట్ కాసాగింది. కారణం చిత్రమైనది. వాతావరణ సమాచారం సేకరించే తక్కువ ప్రాధాన్య కార్యక్రమం ఒకటి, అందరికీ ఉమ్మడిగా అవసరమైన వనరును పట్టుకుని ఉంది. అది తన పని ముగించేలోగా మధ్యస్థ ప్రాధాన్యమున్న మరో కార్యక్రమం వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. ఆ వనరు కోసం ఎదురుచూస్తున్న అత్యంత ముఖ్యమైన కార్యక్రమం అలాగే నిలిచిపోయింది. ఏదో తేడా వచ్చిందని కంప్యూటరు తనను తాను రీసెట్ చేసుకునేది. ఇంజినీర్లు భూమ్మీద నుంచే దీన్ని సరిదిద్దారు: ముఖ్యమైన పనిని ఆపుతున్న చిన్నపనికి, ఆ కాసేపు, ముఖ్యమైన పని హోదానే ఇచ్చారు.

ఇంటి ఆఫీసులో ఇది వారానికి ఒకసారైనా జరుగుతుంది. 11వ తేదీ రిటర్ను అతిముఖ్యం. అది కదలాలంటే దుకాణం కుర్రవాడు వాట్సాప్‌లో బిల్లుల ఫొటోలు పంపాలి. అతడికి ఫోన్ చేయడం రెండు నిమిషాల పని, జాబితాలో అట్టడుగున ఉంటుంది. మధ్యలో వచ్చిన మెయిళ్ళు, మీటింగులు దాన్ని ఇంకా కిందికి తోస్తాయి. పదో తేదీ రాత్రి తెలుస్తుంది, ఆగిపోయింది రిటర్ను కాదు, ఫోన్ కాల్ అని. ఆ ఫోన్ కాల్‌కు రిటర్ను హోదా ఇచ్చి ఉదయాన్నే చేసేస్తే సరి.

ఖాళీ లేని లైను

పనులు ముందే తెలిసి ఉంటే పై సూత్రాలు చాలు. ఇంట్లో సగం పనులు చెప్పకుండా వస్తాయి. అప్పుడు పనికొచ్చేది క్యూల శాస్త్రం. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కాల్స్ మీద ఎ. కె. ఎర్లాంగ్ 1909లో రాసిన వ్యాసంతో ఇది మొదలైంది. దీనిలోని అతి సరళమైన నమూనా ప్రకారం, రోజులో సగం సమయమే పనితో నిండి ఉంటే కొత్తగా వచ్చిన పని సగటున ఒక పనికి పట్టేంతసేపు ఆగాలి. 80 శాతం నిండితే నాలుగింతలు ఆగాలి. 90 శాతానికి తొమ్మిదింతలు, 95 శాతానికి పందొమ్మిదింతలు. చివరి అయిదు శాతం ఖాళీని కూడా వాడుకుందామన్న ఆశకు చెల్లించే ధర అది.

రైల్వేకు ఇది తెలుసు. అందుకే టైంటేబుల్లో ‘రికవరీ టైమ్’ కలుపుతుంది. దారంతా ఆలస్యంగా వచ్చిన బండి ఆఖరి మజిలీకి సరిగ్గా సమయానికి చేరడం వెనక రహస్యం ఇదే. చివరి కొద్ది కిలోమీటర్లకు టైంటేబుల్లో విచిత్రంగా ఎక్కువ సమయం రాసి ఉంటుంది. దీన్ని మోసం అని నవ్వుకునేవాళ్ళున్నారు కానీ ఇంటి ఆఫీసు టైంటేబుల్లో కూడా ఇలాంటి మోసం కొంత అవసరం. ఎందుకంటే మనుషులు తమ పనికి పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేస్తారు. డేనియల్ కానమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో గుర్తించిన ఈ పొరపాటును రోజర్ బ్యూలర్ బృందం 1994లో విద్యార్థుల థీసిస్‌ల మీద కొలిచింది. వాళ్ళ అంచనా సగటున 34 రోజులు, నిజంగా పట్టింది దాదాపు 56. మందు ఆత్మవిశ్వాసం తగ్గించుకోవడం కాదు, కిందటి నెల డైరీ చూడటం. కిందటి మూడు నెలల్లో జీఎస్‌టీఆర్-1కి ఎన్ని గంటలు పట్టిందో అదే ఈ నెల అంచనా.

సగంలో ఉన్న పనుల సంఖ్య కూడా ముఖ్యమే. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం చేతిలో 12 పనులుండి రోజుకు సగటున 3 పూర్తవుతుంటే, ఒక్కో పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా సగటున 4 రోజులు పడుతుంది. ఒకేసారి ఆరే పనులు చేతిలో ఉంచుకుంటే, రోజుకు మూడు ముగిసే వేగంలోనే, రెండు రోజులు. వేగంగా పనిచేయనక్కర్లేదు, తక్కువ మొదలుపెడితే చాలు.

మొదలుపెట్టి వదిలేసిన పనికి ఇంకో ఖర్చుంది. ఒక పని ముగించకుండా మరో పనికి మారినప్పుడు మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. 2008లో గ్లోరియా మార్క్ బృందం చేసిన ప్రయోగంలో, మధ్యమధ్య అంతరాయం కలిగించినవాళ్ళు పని ఇంకా త్వరగా ముగించారు, కానీ ఒత్తిడి, చిరాకు ఎక్కువయ్యాయి. అంటే బయటికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. సాయంత్రం వంటింట్లో ఎవరిమీదో విసుక్కున్నప్పుడు బయటపడుతుంది. కుక్కరు విజిలునూ కాలింగ్ బెల్లునూ ఆపలేం. మెసేజీలను మాత్రం గంటకొకసారి గుంపుగా చూడవచ్చు. కంప్యూటర్లు తమకొచ్చే అంతరాయాలను సరిగ్గా ఇలాగే పోగుచేసి చూసుకుంటాయి.

ఇక మిగిలిపోయిన పనుల గురించి రాత్రి పడుకున్నాక వచ్చే ఆలోచనలు. ముగియని పని మనసులో గట్టిగా నిలుస్తుందని బ్లూమా జైగార్నిక్ 1927లో రాశారు. తర్వాతి ప్రయోగాల్లో ఈ ఫలితం అన్నిసార్లూ ఒకేలా రాలేదు. అంతకంటే పనికొచ్చేది 2011లో మసికాంపో, బామీస్టర్ చేసిన అధ్యయనం. ముగియని పని మరో పనికి అడ్డుపడకుండా ఉండటానికి దాన్ని పూర్తిచేయనక్కర్లేదు. ఎప్పుడు, ఎలా చేస్తామో స్పష్టంగా నిర్ణయించుకున్నా చాలని వాళ్ళు గమనించారు. ‘మిఠాయి దుకాణం పని ఉంది’ అని రాసుకోవడం వేరు, ‘రేపు పదింటికి మిఠాయి దుకాణం జూన్ కొనుగోళ్ళు సరిచూడటం’ అని రాసుకోవడం వేరు.

అరవని పని

ఈ సూత్రాల మధ్య జారిపోయే పని ఒకటుంది. రైల్వేలో రిటైరైన మామగారు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 దాటినవాళ్ళకు అక్టోబరు నుంచే వీలుంది. ఇవ్వకపోతే ఆ తర్వాత పింఛను ఆగిపోతుంది. సర్టిఫికెట్ అందాకే మళ్ళీ మొదలవుతుంది. దీనికోసం ఏ దుకాణందారూ ఫోన్ చేయడు. గడువుల వరుసలో 7, 11, 15, 20 తేదీల వెనక ఇది 30న, చిట్టచివర ఉంటుంది. ఆ రోజు సర్వరు నెమ్మదిస్తే, లేదా ఏళ్ళ తరబడి వర్క్‌షాపులో ఇనుముతో పనిచేసి అరిగిన వేలిముద్రను యంత్రం గుర్తించకపోతే, లూపు లైను కూడా లేదు.

స్మిత్ సూత్రంతో చూస్తే ఇదే పని జాబితాలో పైకెక్కుతుంది. విలువ ఇంటి నెల ఖర్చంత, పట్టే సమయం అన్నీ కలిసొస్తే పావుగంట. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ సేవలో 2021 నుంచి ముఖం గుర్తింపు సదుపాయం ఉంది. ఆధార్‌తో అనుసంధానమైన ఫోన్ యాప్‌తో ఇంట్లోనే, కిటికీ వెలుతురులో మామగారిని కూర్చోబెట్టి చేయవచ్చు. నవంబరు మొదటి వారంలో, టీడీఎస్ పని అందుకోకముందు చేస్తే, అది ఒకసారి విఫలమైనా బ్యాంకుకు వెళ్ళడానికి మూడు వారాలకు పైగా మిగులుతుంది.