మీకు తెలుసా? కుష్ఠు క్రిమి వేళ్లను తినదు
కుష్ఠు వస్తే వేళ్లు ఊడిపోతాయని చాలామంది నమ్మకం. అసలు దెబ్బ తగిలేది నరాలకు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించిన కుష్ఠు బాక్టీరియా నరాల్లోని పోగులను చుట్టి ఉండే ష్వాన్ కణాల్లో కాపురం పెడుతుంది. ఒంట్లో కాస్త చల్లగా ఉండే చోట్లే దానికి అనువు. అందుకే మోచేయి, మోకాలి పక్క, చీలమండ దగ్గర చర్మానికి ఆనుకుని సాగే నరాలు ఎక్కువగా ఉబ్బుతాయి. విచిత్రమేమంటే, ఆ నరాలు పాడవడంలో పెద్ద వంతు క్రిమిని తరిమేందుకు మన రోగనిరోధక శక్తి తెచ్చే వాపుదే! స్పర్శ పోయిన చేతికి వేడి గిన్నె పట్టుకున్నా కాలినట్టు తెలియదు. పట్టించుకోని పుండ్లు ముదిరి, ఎముక అరిగి, వేళ్లు కురచబారతాయి. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, మందులు ఉచితం.