ప్యాకెట్ల దారిలో తర్కం కాపలా

నెట్‌వర్కు రాకపోకల్లో తేడాను పసిగట్టే యంత్రాలు రెండు తోవల్లో పెరిగాయి. డొరొతీ డెన్నింగ్ 1987లో ప్రచురించిన నమూనా వాడుకరుల రోజువారీ నడవడిని గణాంకాలుగా నమోదు చేసుకుని, దానికి దూరంగా జరిగినదాన్ని అనుమానించేది. రెండవ తోవకు మూలం అంతకు పదేళ్ల ముందరిది: ‘ఎల్లప్పుడూ’, ‘ఎప్పటికైనా’, ‘అంతవరకూ’ వంటి మాటలకు కచ్చితమైన గణితార్థం ఇచ్చే కాలతర్కాన్ని అమీర్ ప్నూలి 1977లో ప్రోగ్రాముల పరిశీలనకు తెచ్చాక, జరగవలసిన క్రమాన్ని ముందే సూత్రంగా రాసి, జరుగుతున్నదాన్ని దానితో సరిచూసే ఫార్మల్ పద్ధతులకు బలం చేకూరింది.

ఇంటర్నెట్‌లో రెండు కంప్యూటర్లను కలిపే టీసీపీ సంధానాన్నే తీసుకుంటే, ఒక కంప్యూటరు ‘సిన్’ అనే పిలుపు పంపి, అవతలిది ‘సిన్-యాక్’ అని బదులిచ్చి, మొదటిది ‘యాక్’ అని ఖాయం చేసిన తరువాతే మామూలుగా సమాచారం సాగాలి. ఈ నియమానికి కాపలా కాసే ప్రోగ్రాము ఒక్కో సంధానానికి ఒక స్థితియంత్రాన్ని, అంటే వచ్చే ప్రతి ప్యాకెట్టుకూ ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు మారే చిన్న పట్టికను, నడుపుతుంది. మూడో సందేశం రాకముందే సమాచారపు ప్యాకెట్టు వస్తే ఆ మెట్టు నుంచి ముందుకు దారి ఉండదు కనుక అక్కడే హెచ్చరిక మోగుతుంది. ఏ ప్యాకెట్టు దగ్గర ఏ నియమం తప్పిందో చూపగలగడమే ఈ పద్ధతికి అసలు విలువ, ఎందుకంటే అర్ధరాత్రి విధుల్లో ఉన్న ఇంజినీరుకు అనుమానపు అంకె కంటే కారణం అక్కరకొస్తుంది. అయితే నియమంలో రాయని కీడు దీని కంటబడదు. లక్షల కొద్దీ సగంలో ఆగిన పిలుపులను గుర్తుంచుకోబోయి తన మెమరీనే నింపేసుకునే ప్రమాదమూ ఉంది.

ఏ నియమం రాయాలన్నదే కష్టమని ఢిల్లీ ఎయిమ్స్ ఉదంతం చూపుతుంది. 2022 నవంబరు 23న ర్యాన్సమ్‌వేర్ దాడితో అక్కడి ఐదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడి, రోగుల నమోదు కొన్నాళ్లు కాగితాల మీదే సాగగా, నెట్‌వర్కును సరిగా విభాగాలుగా విడదీయకపోవడాన్ని ప్రభుత్వం పార్లమెంటులో కారణంగా చెప్పింది. ‘ల్యాబు విభాగపు యంత్రం నమోదు సర్వరుతో ఎన్నడూ నేరుగా మాట్లాడదు’ వంటి గీత ముందే గీసి ఉంటేనే, దాన్ని దాటిన మొదటి ప్యాకెట్టు తప్పుగా తేలుతుంది.

‘ముందు’, ‘తరువాత’ అనే మాటలకు గడియారాలు కూడా కలవాలి. రెండు సర్వర్ల సమయాలు మూడు సెకన్లు తేడాగా ఉంటే, లాగుల్లో, అంటే సర్వర్లు రాసుకునే సంఘటనల నమోదుల్లో, బదులే పిలుపుకంటే ముందు వచ్చినట్లు కనిపించవచ్చు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగులను 180 రోజులు భద్రపరచాలనడంతోపాటు, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్ఐసీ) లేదా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సమయ సర్వర్లతో, లేదంటే వాటితో సరిచూడదగిన సర్వర్లతో, గడియారాలను కలుపుకోవాలనడమూ ఉంది.